ప్రతి ఎత్తుకూ 2 సెకన్లే: ఒక ఆన్‌లైన్ బ్లిట్జ్ ఆటగాడి కేస్ స్టడీ

ఈ అబ్బాయి చెస్ కోచింగ్‌కి నా దగ్గరికి వచ్చేసరికి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నాడు. స్కూల్లో ఉండగా రెండేళ్లు చెస్ నేర్చుకున్నాడు. పదో తరగతి, ఇంటర్ చదువుల్లో పడి బోర్డు అటకెక్కింది. మళ్లీ ఆట మొదలైంది హాస్టల్లో, ముందు ఫోన్‌లో, తర్వాత లాప్‌టాప్‌లో. చెస్.కామ్ సైట్‌లో బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే వేగపు ఆట) రేటింగ్ 1900 దగ్గర ఆగిపోయి ఏడాది దాటింది. ఆడేది దాదాపు అంతా 3+0, అంటే ఒక్కొక్కరికి 3 నిమిషాలు, ఎత్తుకు అదనపు సెకన్లేమీ ఉండవు.

"సర్, నాకు ఎండ్‌గేమ్ రాదు. అదొక్కటి నేర్పండి చాలు" అన్నాడు మొదటి రోజే. ఎండ్‌గేమ్ అంటే బోర్డు మీద కొద్ది పావులే మిగిలిన ఆఖరి దశ.

ఆటగాడు తన జబ్బు పేరు తనే చెప్పేస్తే నేను వెంటనే నమ్మను. ఓడిన గేములు 40 పంపమన్నాను. గెలిచినవి వద్దన్నాను. పేరు లేకుండా రాసుకోవడానికి అతను ఒప్పుకున్నాడు కాబట్టే ఇదంతా ఇక్కడ పెడుతున్నాను. ఇదే ఇబ్బందితో వచ్చే పిల్లలు నాకు తరచూ కనబడతారు, వాళ్లకీ వాళ్లకు నేర్పేవాళ్లకీ ఇది పనికొస్తుందని నా ఆశ.

ముందు గడియారం, తర్వాతే బోర్డు

ఆన్‌లైన్ గేముల్లో ఒక వరం ఉంది. ఏ ఎత్తుకి ఎన్ని సెకన్లు పట్టిందో మొత్తం రికార్డు అయి ఉంటుంది. బోర్డు మీద ఆడిన బ్లిట్జ్ గేమ్‌లో ఆ సమాచారం ఎవరూ రాసిపెట్టరు. అందుకే ఆన్‌లైన్ ఆటగాడిని చూసేటప్పుడు నేను ఇంజిన్ (తప్పులు పట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఆన్ చేయను. ఎత్తుల పక్కనున్న టైమ్ మాత్రమే చదువుతాను.

ఇతని గేముల్లో ఆ అంకెలు చూస్తే కుట్టుమిషన్ కుట్టులా ఉన్నాయి. 2 సెకన్లు, 2, 1.8, 2.3, 2. ఓపెనింగ్‌లో, అంటే ఆట మొదట్లో, తెలిసిన ఎత్తుకీ అంతే, రాణి ప్రమాదంలో ఉన్నప్పుడూ అంతే, ముక్క మార్పిడి (ఒక పావు ఇచ్చి ఎదుటివాడి పావు తీసుకోవడం) చేయాలా వద్దా అని తేల్చుకోవాల్సిన చోటా అంతే. 3 నిమిషాలంటే 180 సెకన్లు. ఈ లెక్కన 40 ఎత్తుల్లో ఆట ముగిస్తే అతని దగ్గర 100 సెకన్లు మిగిలిపోవాలి. నిజంగానే మిగిలాయి కూడా. నిమిషానికి పైగా టైమ్ చేతిలో పెట్టుకుని మేట్ (ఆటకట్టు) అయిన గేములు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఎండ్‌గేమ్ దాకా వెళ్లి ఓడినవి వాటికంటే బాగా తక్కువ. అంటే అతను చెప్పిన జబ్బు ఉంది గానీ అసలు జబ్బు అది కాదు.

మామూలుగా స్పీడ్ ఆటగాళ్లకు "కాస్త నెమ్మదిగా ఆడు" అని చెప్పేస్తారు. ఆ సలహాతో ఇతను బాగుపడడు, ఎందుకంటే ఇతని సమస్య వేగం కాదు. ఎక్కడా ఆగకపోవడం. అన్ని ఎత్తులకూ 4 సెకన్లు తీసుకోవడం మొదలుపెడితే టైమ్ అయిపోయి ఓడతాడు, అదే తప్పు ఇంకో రూపంలో చేస్తాడు. మంచి బ్లిట్జ్ ఆటగాడి టైమ్ వరసగా చూస్తే ఎగుడుదిగుడుగా ఉంటుంది. పది ఎత్తులు క్షణాల్లో పడిపోతాయి, ఒకచోట 20 సెకన్లు ఆగుతుంది, మళ్లీ పరుగు. ఆ 20 సెకన్లు ఎక్కడ పెట్టాలో తెలియడమే బ్లిట్జ్‌లో నైపుణ్యమని నేను నమ్ముతాను.

ఇతనికి ఆ ఒకే లయ ఎక్కడ పట్టుకుందో అడిగితే తెలిసింది. మొదట్లో అంతా బుల్లెట్ ఆడాడు, 1+0. నిమిషం ఆటలో ఆగితే చచ్చినట్టే కాబట్టి చేయి ఆ లయకి అలవాటైపోయింది. 3 నిమిషాల ఆటకి మారాక కూడా చేయి మారలేదు.

ఆరో ఎత్తులో మేట్

40 గేముల్లో నేను ముందు తీసినది అన్నిటికంటే చిన్నది. అతను నల్లపావులు, ఓపెనింగ్ కారో-కాన్. (ఈ4, సీ6 లాంటివి గడుల పేర్లు, అక్షరం నిలువు వరసది, అంకె అడ్డువరసది.) ఈ4కి సీ6, డీ4కి డీ5, గుర్రం సీ3కి రాగానే డీ5 బంటుతో ఈ4 బంటును తీశాడు, తెల్ల గుర్రం ఈ4 మీద తిరిగి తీసింది. ఇతను గుర్రాన్ని డీ7కి వేశాడు. ఇదంతా పుస్తకం ప్రకారమే. తర్వాతి ఎత్తు గుర్రం జీ8 నుంచి ఎఫ్6కి, అది కూడా మామూలే. అందుకే ప్రీమూవ్ పెట్టేశాడు, అంటే ప్రత్యర్థి ఇంకా ఆడకముందే తన జవాబు నొక్కి ఉంచాడు.

ప్రత్యర్థి 9 సెకన్లు ఆలోచించి రాణిని ఈ2కి వేశాడు. అంతవరకూ సెకనుకో ఎత్తు ఆడినవాడు అక్కడ 9 సెకన్లు ఆగాడు. ఇతని గుర్రం ఎఫ్6కి దూకేసింది. తెల్ల గుర్రం డీ6కి వచ్చింది, ఆటకట్టు. ఈ7 బంటుతో దాన్ని తీయడానికి లేదు, ఈ నిలువు వరసలో తెల్ల రాణి చూపు నల్ల రాజు మీదే ఉంది కాబట్టి ఆ బంటు కదలకూడదు. రాజు చుట్టూ సొంత పావులే, కదలడానికి ఒక్క గడి లేదు. గడియారంలో ఇంకా 2 నిమిషాల 50 సెకన్లకు పైగా ఉన్నాయి.

ఇది కారో-కాన్ ఆడేవాళ్లందరికీ తెలిసిన పాత ఉచ్చు. ఇతనికీ తెలుసు. "తెలుసు సర్, యూట్యూబ్‌లో చూశాను" అన్నాడు తల దించుకుని. రాణి ఈ2కి వచ్చినప్పుడు ఈ6 ఆడినా, డీ7 గుర్రాన్ని ఎఫ్6కి వేసినా ఏ గొడవా లేదు. తెలియక ఓడితే నేర్పితే సరిపోతుంది. తెలిసి ఓడినవాడికి చూడటం నేర్పాలి.

ఈ గేమ్ దగ్గర నేను ఒక వాక్యం రాసుకున్నాను: ప్రత్యర్థి ఆగిన చోటే ఇతను ఆగడం లేదు. మిగతా గేములన్నీ ఆ వాక్యం పట్టుకుని తిరగేశాను. ప్రత్యర్థి 15, 20 సెకన్లు ఆలోచించి ఒక ఎత్తు వేస్తాడు. ఏదో కనిపెట్టాడనే కదా అర్థం. ఇతను దానికి సెకనున్నరలో జవాబిస్తాడు. ఓటమికి దారి తీసిన తప్పు చాలా గేముల్లో సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది. అడిగితే ఇతను చెప్పిన కారణం వింటే జాలేసింది: "వాడు టైమ్ పోగొట్టుకున్నాడు కదా సర్, నేను వెంటనే ఆడితే ఇంకా లీడ్ పెరుగుతుందని." ప్రత్యర్థి ఆలోచించిన టైమ్‌లో ఇతనూ ఆలోచించి ఉండొచ్చు, అది ఉచితం. ఆ టైమ్‌లో ఇతను ఏం చేస్తున్నాడంటే ప్రత్యర్థి గడియారం తగ్గడం చూస్తున్నాడు.

బలాలు, నిజంగా ఉన్నవి

ఇక్కడ ఒక మాట చెప్పాలి. టైమ్ మీద గెలవడాన్ని చిన్నచూపు చూసే కోచ్‌లు ఉన్నారు. నేను వాళ్లలో లేను. గడియారం కూడా బోర్డు మీద ఉన్న పావు లాంటిదే. ఎదుటివాడు దాన్ని కాపాడుకోలేకపోతే అది అతని లోపం.

ఇతను ఆఖరి 15 సెకన్లలో చాలా ప్రమాదకరమైన ఆటగాడు. ప్రత్యర్థి ప్రీమూవ్‌ల మీద బతుకుతున్నాడని పసిగట్టగానే మధ్యలో ఒక చెక్ ఇస్తాడు. ముందే పెట్టిన ఎత్తు ఆ చెక్‌ను తప్పించకపోతే చెల్లదు, అది రద్దయిపోతుంది, ఎదుటివాడు మౌస్ మళ్లీ పట్టుకుని కొత్త ఎత్తు వెతుక్కోవాలి. అక్కడ ఒకటిన్నర సెకను పోతుంది. చెస్.కామ్‌లో ప్రీమూవ్‌కి 0.1 సెకను మాత్రమే ఖర్చవుతుంది కాబట్టి ఒకటిన్నర సెకను అంటే 15 ప్రీమూవ్‌ల ఖరీదు. ఈ లెక్క ఎవరూ నేర్పకుండానే ఇతని వేళ్లకు తెలుసు.

ఓడిపోయే పొజిషన్‌లో బెంబేలెత్తడు. ఒక ముక్క తక్కువైతే చాలామంది రాణులు మార్చేసుకుని మెల్లగా చస్తారు. ఇతను రాణిని అట్టేపెట్టుకుంటాడు, బంట్ల వరసలు మూసేస్తాడు, ఎదుటి రాజు చుట్టూ గుర్రాన్ని తిప్పుతూ ఉంటాడు. గెలిచే పొజిషన్‌లో ఉన్నవాడికే టెన్షన్ ఎక్కువని ఇతనికి బాగా అర్థమైంది. గుర్రం ఫోర్కులు (ఒకే గుర్రంతో రెండు పావుల మీద ఒకేసారి దాడి) ఇతని కంటికి కనబడినంత తొందరగా నా కంటికి కనబడవు. ఈ మాట పొగడ్తగా చెప్పడం లేదు. పక్కపక్కన కూర్చుని పజిల్స్ చేశాం, అతనే ముందు.

ఓపెనింగ్‌లు తక్కువే పట్టుకున్నాడు, అది కూడా మంచిదే. తెల్లతో లండన్ సిస్టమ్, ఈ4కి కారో-కాన్. డీ4 మీద మాత్రం ఎంగ్లండ్ గ్యాంబిట్ ఆడతాడు, ఈ5 బంటును ఇచ్చేస్తాడు. అందులో ఒక ఉచ్చు ఉంది: ప్రత్యర్థి బిషప్‌ని ఎఫ్4కి వేస్తే నల్ల రాణి బీ4లో చెక్ ఇచ్చి బీ2 బంటును తింటుంది. చెక్‌కి అడ్డంగా డీ2కి వెళ్లిన బిషప్ అక్కడినుంచి సీ3కి వచ్చి రాణిని తరిమానని ప్రత్యర్థి అనుకుంటాడు, కానీ నల్ల బిషప్ బీ4కి రాగానే ఆట ముగిసినట్టే. లండన్ ఆడేవాళ్లు చూడకుండా బిషప్‌ని ఎఫ్4కి వేసేస్తారు కాబట్టి ఇది పనిచేస్తుంది. ఎదుటివాళ్ల "చేయి అలవాటు" మీద ఇతను బతుకుతున్నాడు, తన చేయి అలవాటు మీద వాళ్లు. సీ3కి బిషప్ బదులు గుర్రాన్ని వేసేవాడు ఎదురైతే ఎంగ్లండ్‌లో నల్లకి కష్టాలే. మానెయ్ అని చెప్పాను. ఇప్పటికీ ఆడుతున్నాడు.

రెండు ప్రీమూవ్‌లు

ఎండ్‌గేమ్ సంగతి. ఇందులో అతను చెప్పినది కొంత నిజం. ఒక గేమ్ వివరంగా చూపిస్తాను.

ఏనుగుల ఎండ్‌గేమ్. తెల్ల రాజు ఈ5, బంటు డీ5, ఏనుగు హెచ్7. నల్ల రాజు డీ8, నల్ల ఏనుగు ఏ6. ఇతను నలుపు. గడియారంలో ఇతనికి 8 సెకన్లు, ప్రత్యర్థికి 4. ఇది 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు, సంగీతకర్త ఫిలిడోర్ పేరుతో పిలిచే డ్రా పొజిషన్. నల్ల ఏనుగు 6వ అడ్డువరసలో కాపలా ఉన్నంతసేపు తెల్ల రాజు ముందుకు రాలేడు. బంటు డీ6కి జరిగిన క్షణాన ఏనుగు కిందికి, ఏ1 దాకా దిగిపోవాలి. అప్పుడు డీ6 గడిలో బంటు ఉంది కాబట్టి రాజుకి అక్కడ దాక్కునే చోటు లేదు, వెనకనుంచి చెక్‌ల మీద చెక్‌లు. ఇంతే కిటుకు. రెండు వాక్యాలు.

ఇతను బంటు కదలకముందే రెండు ప్రీమూవ్‌లు వరసగా పెట్టాడు. ఏనుగు ఏ1కి, అక్కడినుంచి డీ1కి. బంటు వెనక్కి వెళ్లి పట్టుకుందామని ఆలోచన. మొదటిది పడింది. 6వ వరస ఖాళీ అయింది, తెల్ల రాజు డీ6కి వచ్చేశాడు. ఇప్పుడు హెచ్8లో మేట్ బెదిరింపు. ఆ క్షణంలో కూడా ఏనుగు తిరిగి ఏ6కి వెళ్లి చెక్ ఇస్తే ప్రాణం నిలుస్తుంది. కానీ రెండో ప్రీమూవ్ అప్పటికే క్యూలో ఉంది. ఏనుగు డీ1కి వెళ్లింది. తెల్ల ఏనుగు హెచ్8, మేట్. ఇతని గడియారంలో 7.8 సెకన్లు.

ఈ పొజిషన్ అతనికి నేను రెండు నిమిషాల్లో నేర్పాను. నేర్చుకోవడం కష్టమే కాలేదు. కష్టమైందల్లా ఈ విషయం ఒప్పించడం: ఈ పొజిషన్‌లో ప్రీమూవ్ అస్సలు కుదరదు, ఎందుకంటే నీ జవాబు బంటు కదిలిందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. బంటు కదలకపోతే 6వ వరసలోనే పక్కకి జరుపు, కదిలితే కిందికి దిగు. చూడటానికి అర సెకను చాలు, కానీ ఆ అర సెకను పెట్టాల్సిందే. ప్రత్యర్థికి 4 సెకన్లే ఉన్నాయి. చూసి ఆడినా గడియారం అతన్నే మింగేది.

లీచెస్ అనే ఇంకో చెస్ సైట్‌లో అయితే ఒకసారి ఒక్క ప్రీమూవే పెట్టగలం, దానికి టైమ్ కూడా పట్టదు. కొన్నాళ్లు అక్కడ ఆడమన్నాను. క్యూ కట్టే అలవాటు పోవడానికి ఇది మందులా పనిచేసింది.

బోర్డు మీద ఒక ఆదివారం

రెండో నెలలో ఒక ఓపెన్ బ్లిట్జ్ టోర్నమెంట్‌కి తీసుకెళ్లాను. 3+2, అంటే 3 నిమిషాలు, పైగా ఎత్తుకు 2 సెకన్లు అదనం. ప్రపంచ బ్లిట్జ్ చాంపియన్‌షిప్‌లో వాడే టైమ్ కంట్రోలే. నాలుగో రౌండ్‌లో పూర్తిగా గెలిచే ఆట. బంటును 8వ వరసకి తోశాడు, గడియారం కొట్టాడు. చివరి వరస చేరిన బంటు స్థానంలో రాణి లాంటి పావు పెట్టాలి, కానీ బంటు బంటుగానే ఉంది. ఆన్‌లైన్‌లో ఆ సెట్టింగ్ పెట్టుకుంటే తోయగానే రాణి అదే ప్రత్యక్షమవుతుంది కదా, చేతికి అదే అలవాటు. ప్రత్యర్థి గడియారం ఆపి ఆర్బిటర్‌ని (రిఫరీని) పిలిచాడు. బంటు స్థానంలో పావు పెట్టకుండా గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు. బంటు రాణిగా మారింది సరే, ప్రత్యర్థికి నిమిషం అదనంగా వచ్చింది. అప్పటికి ఆ ప్రత్యర్థి దగ్గర ఉన్నది 6 సెకన్లు.

నేను రెండు బల్లల అవతల నిలబడి చూస్తున్నాను. ఇతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ప్రతి ఎత్తు ఒక సెకనులో ఆడాడు, కోపంతో. రాణిని పోగొట్టుకున్నాడు.

నిజానికి ఆ నిమిషం ఇచ్చినా ఆట గెలిచేదే. చెల్లని ఎత్తు వల్ల ఓడలేదు. రెండోసారి అలాంటి తప్పు చేసి ఉంటే నిబంధన ప్రకారమే ఓడేవాడు, ఇది అది కాదు. దెబ్బ తగిలాక వేగం పెంచడం వల్ల ఓడాడు. హాస్టల్లో రాత్రి 11 తర్వాత వరసగా ఐదు గేములు ఓడే అలవాటుకీ దీనికీ మూలం ఒకటే. పోయిన పాయింట్లు వెంటనే రాబట్టాలని తొందర.

ఏం చేశాం

మొదటిది, 3+0 పూర్తిగా ఆపేశాం, 3+2కి మారాం. 60 ఎత్తుల ఆటలో ఆ 2 సెకన్లు కలిసి ఇంకో 2 నిమిషాలవుతాయి. ఆగినా ప్రాణం పోదని చేతికి తెలియాలంటే ఇదే దారి.

రెండోది ఒకే ఒక్క నియమం. ప్రత్యర్థి 8 సెకన్లకు మించి ఆలోచించి ఆడితే, జవాబు ఎంత స్పష్టంగా కనబడుతున్నా, మౌస్ మీద నుంచి చేయి తీసెయ్యాలి. నిజంగా తీసెయ్యాలి. చేయి ఒడిలో పెట్టుకుని "వాడికి ఇప్పుడు ఏం కావాలి?" అని తనను తాను అడగాలి. పది నియమాలు ఇచ్చి ఉంటే ఒక్కటీ గుర్తుండేది కాదు. చేయి తీయడం శరీరంతో చేసే పని కాబట్టి మర్చిపోడు.

మూడోది అతనికి బాగా నచ్చింది. అర్జున్ ఇరిగేసి అంటే ప్రాణం ఇతనికి. మన వరంగల్ కుర్రాడు, 2024 డిసెంబరులో ఆనంద్ తర్వాత 2800 రేటింగ్ దాటిన రెండో భారతీయుడు. "అర్జున్ కూడా ఫాస్ట్‌గానే ఆడతాడు కదా సర్" అని వాదించాడు. సరే, పెద్ద ఆటగాళ్ల బ్లిట్జ్ వీడియోలు పెట్టుకో, బోర్డు మీద కాగితం అడ్డం పెట్టు, గడియారాలు మాత్రమే చూడు, ఎక్కడ ఆగారో రాయి, తర్వాత కాగితం తీసి ఎందుకు ఆగారో కనుక్కో అన్నాను. వారంలో నోట్‌బుక్ నింపేశాడు. "ముక్కల మార్పిడికి ముందు ఆగుతున్నారు సర్. మార్పిడి అయ్యాక వెనక్కి తీసుకోలేం కదా" అన్నాడు. ఈ మాట నేను చెప్పి ఉంటే తలూపి వదిలేసేవాడు.

ఇవి కాక వారానికి రెండు నెమ్మది గేములు, 15+10. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో డ్రా అయ్యే ఫిలిడోర్, బంటు ఉన్నవాడు గెలిచే లూసెనా. ఫిలిడోర్‌లో నేను తెల్ల, అతను నలుపు, అతనికి 10 సెకన్లు మాత్రమే. ఇరవై సార్లు వరసగా డ్రా చేసేదాకా వదల్లేదు. రాత్రిపూట రెండు గేములు వరసగా ఓడితే లాప్‌టాప్ మూసెయ్యాలి, ఇది ఒప్పందం. దీన్ని అతను పాటించేది సగం రోజులే, ఆ సంగతి గేముల టైమ్ చూస్తే నాకు తెలిసిపోతుంది.

తల్లిదండ్రులు ఒకటి అడుగుతుంటారు, ఈ ఆన్‌లైన్ స్పీడ్ గేములు అసలు ఆటను పాడు చేస్తాయా అని. ఆడేవాడి పునాదిని బట్టి ఉంటుంది. కోనేరు హంపి 2002లోనే, 15 ఏళ్ల వయసులో, గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ప్రపంచ రాపిడ్ (వేగపు ఆట) టైటిల్స్ వచ్చింది 2019లో, 2024లో. ఏళ్ల తరబడి నెమ్మది ఆటలో కట్టుకున్న పునాది తర్వాత వేగంలో పనికొచ్చింది. ఇతనికి ఆ క్రమం తిరగబడింది, వేగం ముందొచ్చింది. కష్టమే, కానీ సరిదిద్దలేనిది కాదు.

ఇప్పటి పరిస్థితి

మొదటి మూడు వారాలు రేటింగ్ పడిపోయింది. ఆగాల్సిన చోటా ఆగాడు, అక్కర్లేని చోటా ఆగాడు. ఏడుపు గొంతుతో ఫోన్ చేసేవాడు. ఆ దశ వస్తుందని ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, అది నా పొరపాటు. తర్వాత మెల్లగా ఎక్కడినుంచి పడ్డాడో అక్కడికి చేరాడు, కాస్త పైకి కూడా వెళ్లాడు. రేటింగ్ కన్నా నేను చూసేది ఓటముల రకం. నిమిషం టైమ్ చేతిలో పెట్టుకుని మేట్ అవ్వడం బాగా తగ్గింది. ఎంగ్లండ్ గ్యాంబిట్, రాత్రి ఆటలు, కోపంలో తొందర, ఈ మూడూ ఇంకా ఉన్నాయి.

పోయిన గురువారం ఒక గేమ్ లింక్ పంపాడు, పైన ఒక్క మాట కూడా రాయలేదు. తెరిచి చూశాను. కారో-కాన్. ఐదో ఎత్తులో తెల్ల రాణి ఈ2కి వచ్చింది, ప్రత్యర్థి 7 సెకన్లు తీసుకున్నాడు. నియమం 8 సెకన్లకు కదా, ఇతను ఆగక్కర్లేదు. 11 సెకన్లు ఆగాడు. ఈ6 ఆడాడు. ఆ గేమ్ 50 ఎత్తుల తర్వాత గుర్రాల ఎండ్‌గేమ్‌లో ఓడిపోయాడు. శనివారం గుర్రాల ఎండ్‌గేమ్‌లు మొదలుపెడుతున్నాం.